పాలపిట్టకు పిల్లల అండ

విజయదశమి నాడు పాలపిట్టను చూచుట శుభమని మన ఇండ్లలో చిరకాలముగా వచ్చుచున్న నమ్మకము. జమ్మిచెట్టు కొఱకు ఊరి పొలిమేర దాటిన వారికి పూర్వము ఆ పక్షి దారిలోనే కనబడెడిది. నగరము పెరిగిన కొలది పొలిమేర దూరమైనది. దీనిని ఆసరా చేసికొని కొందరు పిట్టలను పట్టి, పంజరములలో హైదరాబాదు వీధులకు తెచ్చి, చూపినందులకు డబ్బు పుచ్చుకొనుచున్నారు.

పిట్ట ఎగిరిపోకుండ దాని రెక్కలను, కాళ్ళను కట్టుదురు. పాలపిట్ట తీగపై కూర్చుండి, నేలపై కదలు మిడుతను, పురుగును కనిపెట్టి, ఒక్క దూకున వచ్చి పట్టుకొనును. రెక్క చెడిన పిట్టకు వేట లేదు. వేట లేనిచో తిండి లేదు. కావున పండుగ పిదప విడిచినను అది బ్రదుకుట కష్టము.

పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుట నేరము. కాని పంజరము గడప ముందుకు వచ్చినపుడు మొదట పరుగెత్తువారు పిల్లలే గదా! వారు చూడమన్నచో వచ్చినవానికి గిరాకి లేదు. జాలితో కొని విడిపింతమనుటయు మేలు కాదు. ఆ పైకముతో మరియొక పిట్టకు వల పడును. పెద్దలచే అటవీశాఖకు తెలియజేయించుట సరియైన మార్గము.

మరి శుభదర్శన మెట్లు? సెలవు దినమున ఊరి వెలుపలి పొలముల వైపు పోయి, తీగలపై వెదకవచ్చును. ఆచారము మారుట వింత గాదు. సైదాబాదు నుండి విజయవాడ రహదారి వెంట పోయిన వనస్థలిపురము కడ మహావీర్ హరిణ వనస్థలి కలదు. అది యొకప్పుడు నిజాముల వేటస్థలము. 1975లో జింకల వనమైనది. నాడు వేటాడిన చోటికే నేడు పిల్లలు కృష్ణజింకలను చూడబోవుచున్నారు.

సంక్రాంతికిని ఇట్టి జాగ్రత్తయే వలయును. నైలాన్ మాంజా పక్షుల రెక్కలను కోయును. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దానిని నిషేధించినది. గాజుపొడి పూయని నూలుదారముతో పతంగి ఎగురవేసి, పండుగ మరునాడు మిద్దెపైనను, అందిన కొమ్మలపైనను చిక్కిన దారమును ఏరివేయవలెను.

వచ్చు దసరాకు ముందే ఈ మాట ఇంటిల్లిపాది అనుకొనుట మంచిది. పంజరము వాకిట నిలిచిన పిదప పిల్లలకు నచ్చజెప్పుట కష్టము.