మధిర ఎండకి 3 కిలోవాట్ల సోలార్: ఎవరికి లాభం? ఎవరికి అక్కర్లేదు? లెక్కలతో సహా పూర్తి వివరాలు

ఫోన్ కొనేముందు ప్రాసెసర్, బ్యాటరీ, ఛార్జింగ్ స్పీడ్ అన్నీ చూసి పది వీడియోలు చూస్తాం. కానీ ఇంటి డాబా మీద లక్షన్నర, రెండు లక్షలు పెట్టి సోలార్ పెట్టేటప్పుడు మాత్రం "కరెంటు బిల్లు జీరో అవుతుందంట" అన్న ఒక్క మాట విని సంతకం పెట్టేస్తున్నారు. నిజానికి ఇది కూడా ఒక గ్యాడ్జెటే. దీనికీ స్పెక్స్ ఉంటాయి, లిమిట్స్ ఉంటాయి. అందరికీ సెట్ కూడా అవ్వదు.

ఇప్పుడు దీని గురించి ఎందుకంటే, మధిర చుట్టుపక్కల సోలార్ మాట గట్టిగా వినబడుతోంది. 2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ ప్రకటించింది. 2030 నాటికి కొత్తగా 20,000 మెగావాట్ల గ్రీన్ ఎనర్జీ తేవాలన్నది టార్గెట్. మధిర ఎమ్మెల్యే మల్లు భట్టి విక్రమార్కే రాష్ట్ర డిప్యూటీ సీఎం, విద్యుత్ శాఖ మంత్రి కూడా. ఆయన నియోజకవర్గంలోని బోనకల్ మండలాన్ని పూర్తి సోలార్ మండలంగా మార్చే పైలట్‌కి ఎంచుకున్నారు. ఇక పైలట్‌లో లేని వాళ్ల సంగతేంటి? మధిర టౌన్‌లో సొంత డాబా ఉన్న ఫ్యామిలీ పెట్టించుకోవచ్చా? అదే ఇప్పుడు చూద్దాం.

ముందు బేసిక్స్: కిలోవాట్ వేరు, యూనిట్ వేరు

ఫోన్ ఛార్జర్ 67 వాట్లు అంటే అది ఛార్జింగ్ స్పీడ్. బ్యాటరీలోకి మొత్తం ఎంత ఎక్కిందన్నది వేరే లెక్క. ఇక్కడా అంతే. 3 కిలోవాట్లు అనేది స్పీడ్, యూనిట్ అనేది మొత్తం. మన దగ్గర 1 కిలోవాట్ సోలార్ ఏడాది సగటున రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. అంటే 3 కిలోవాట్ల సిస్టమ్ రోజుకి 12, నెలకి 360 యూనిట్ల వరకు తీస్తుంది. వానాకాలం మబ్బుల్లో తగ్గుతుంది, ఎండ బాగున్న నెలల్లో పెరుగుతుంది. 540 వాట్ల ప్యానెల్స్ అయితే 6 సరిపోతాయి. డాబా మీద నీడ పడని జాగా సుమారు 300 చదరపు అడుగులు కావాలి.

ఎండ ఎక్కువైతే కరెంటు కూడా ఎక్కువా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. గేమ్ ఆడుతుంటే ఫోన్ వేడెక్కి స్లో అయినట్టే, ప్యానెల్ కూడా వేడెక్కితే పవర్ తగ్గుతుంది. డబ్బా మీద రాసే 540 వాట్లు అనేది సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ల్యాబ్‌లో తీసిన లెక్క. మే నెలలో మధిర డాబా మీద సెల్ టెంపరేచర్ 65 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు.

అందుకే స్పెక్ షీట్‌లో "టెంపరేచర్ కోఎఫిషియంట్" అన్న లైన్ తప్పకుండా చూడండి. మోనో పెర్క్ ప్యానెల్స్‌లో ఇది డిగ్రీకి 0.35 శాతం దగ్గర, టాప్‌కాన్ ప్యానెల్స్‌లో 0.30 శాతం దగ్గర ఉంటుంది. సెల్ 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే మొదటి దాంట్లో 14 శాతం, రెండో దాంట్లో 12 శాతం పవర్ పోతుంది. తేడా చిన్నదే, కానీ పాతికేళ్ల పాటు ప్రతి వేసవిలోనూ ఉంటుంది. ప్యానెల్స్‌ని డాబాకి అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో పెట్టించుకుంటే వేడి కొంత తగ్గుతుంది. స్టాండ్ ఎత్తు గురించి వెండర్‌తో ముందే మాట్లాడుకోండి.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది!

ఎక్కువ మంది షాక్ అయ్యే పాయింట్ ఇదే. సబ్సిడీలో ఎక్కువగా పెట్టేది ఆన్‌గ్రిడ్ సిస్టమ్. పగలు వచ్చిన కరెంటు ఇంట్లో వాడుకోగా మిగిలింది గ్రిడ్‌కి వెళ్తుంది, రాత్రి గ్రిడ్ నుంచి తీసుకుంటాం. ఈ రెండు లెక్కలూ నెట్ మీటర్ చూసుకుంటుంది. కానీ లైన్‌లో కరెంటు పోతే ఇన్వర్టర్ కూడా వెంటనే ఆఫ్ అవుతుంది. ఎండ మండిపోతున్నా సరే! ఇది లోపం కాదు, సేఫ్టీ ఫీచర్. లేదంటే మన డాబా నుంచి వెళ్లే కరెంటు స్తంభం ఎక్కి పనిచేస్తున్న లైన్‌మన్‌కి కొడుతుంది.

బ్యాకప్ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ తీసుకోవాలి. ఆ ఎక్స్‌ట్రా ఖర్చుకి సబ్సిడీ రాదు.

డబ్బు లెక్క

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ స్కీమ్‌లో 1 కిలోవాట్‌కి రూ.30,000, 2 కిలోవాట్లకి రూ.60,000, 3 కిలోవాట్లు లేదా అంతకంటే ఎక్కువైతే గరిష్ఠంగా రూ.78,000 కేంద్ర సబ్సిడీ వస్తుంది. మార్కెట్లో 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సిస్టమ్ బ్రాండ్‌ని బట్టి రూ.1.8 లక్షల నుంచి రూ.2.1 లక్షల వరకు పలుకుతోంది. మధ్యస్థంగా రూ.1.9 లక్షలు అనుకుంటే, సబ్సిడీ పోను మన చేతి నుంచి పడేది రూ.1.12 లక్షలు.

నెలకి 350 యూనిట్లు వాడే ఇల్లు తీసుకుందాం. తెలంగాణ స్లాబ్‌ల ప్రకారం మొదటి 200 యూనిట్లకి రూ.5.10 చొప్పున రూ.1,020, తర్వాతి 100కి రూ.7.70 చొప్పున రూ.770, మిగతా 50కి రూ.9 చొప్పున రూ.450. మొత్తం రూ.2,240. సోలార్ పెట్టాక ఇందులో దాదాపు అంతా మిగులుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీల లాంటివి మాత్రం కట్టాల్సిందే. నాలుగున్నర, ఐదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. ప్యానెల్స్‌కి పర్ఫార్మెన్స్ వారంటీ సాధారణంగా 25 ఏళ్లు ఉంటుంది. మధ్యలో ఇన్వర్టర్ ఒకసారి మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

అసలు మెలిక: గృహజ్యోతి

2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకి నెలకి 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు జీరో. మీ ఇంట్లో ఎప్పుడూ 150, 180 యూనిట్లే కాలుతుంటే సోలార్‌తో మీకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. లక్ష రూపాయలు పెట్టి సున్నా బిల్లుని మళ్లీ సున్నా చేసుకోవడమే!

మరి వేసవిలో 230 దాకా వెళ్లి, లిమిట్ దాటిపోయే వాళ్ల సంగతి? వాళ్లకి రూ.1,250 చుట్టూ బిల్లు పడుతుంది. వీళ్లు సోలార్ కంటే ముందు ఫ్యాన్ల వైపు చూడాలి. పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకి 10 గంటలు తిరిగితే నెలకి 54 యూనిట్లు తగ్గుతాయి. 230 కాస్తా 176 అవుతుంది, బిల్లు మళ్లీ జీరో! నాలుగు ఫ్యాన్లకి అయ్యేది రూ.12,000 లోపే. మధిర ఇళ్లలో చాలామందికి బెస్ట్ గ్రీన్ గ్యాడ్జెట్ ఏదంటే మా ఓటు దీనికే.

పర్యావరణానికి ఒరిగేదేంటి?

మన గ్రిడ్‌లో ఎక్కువ కరెంటు బొగ్గు నుంచే వస్తుంది. పాల్వంచ, మణుగూరు థర్మల్ ప్లాంట్లు మనకి దూరమేమీ కాదు. గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. 3 కిలోవాట్ల సిస్టమ్ ఏడాదికి 4,300 యూనిట్లు ఇస్తే దాదాపు 3 టన్నులు ఆపినట్టే. మీకు రూపాయి మిగిలినా మిగలకపోయినా ఈ లెక్క మారదు. జీరో బిల్లు ఇళ్లకి సోలార్ పెట్టాలంటే ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాల్సి రావడానికి కారణం కూడా ఇదే. లాభం ఊరందరిది, ఖర్చు ఒక్క ఇంటిది అయితే ఎవరూ ముందుకు రారు.

కొనేముందు ఇవి చెక్ చేసుకోండి

1. స్కీమ్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిన వెండర్ దగ్గరే తీసుకోండి. "ఫ్రీ సోలార్" అంటూ ఇంటికొచ్చి అడ్వాన్స్ అడిగేవాళ్లకి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.
2. సబ్సిడీకి మన దేశంలో తయారైన సెల్స్ వాడిన డీసీఆర్ ప్యానెల్సే ఉండాలి. బిల్లులో ఆ మాట రాయించుకోండి.
3. వాటర్ ట్యాంక్, కొబ్బరి చెట్టు నీడ చూసుకోండి. మామూలు స్ట్రింగ్ సిస్టమ్‌లో ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా మిగతా వాటి పవర్ కూడా తగ్గొచ్చు.
4. కోతుల బెడద ఉంటే వైర్లు బయటికి వేలాడకుండా పైపుల్లో వేయించండి.
5. దుమ్ము పట్టిన ప్యానెల్ తక్కువ ఇస్తుంది. పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే నీళ్లతో కడగండి.
6. ఇన్వర్టర్‌తో వైఫై డాంగిల్ అడగండి. రోజుకి ఎన్ని యూనిట్లు వస్తున్నాయో ఫోన్ యాప్‌లోనే కనిపిస్తుంది. ఒక్కసారిగా తగ్గిందంటే ఎక్కడో ప్రాబ్లమ్ ఉన్నట్టే.

మా మాట

నెలకి 300 యూనిట్లు దాటి, సొంత డాబా, నీడ లేని జాగా ఉన్నవాళ్లు 3 కిలోవాట్ల సోలార్‌కి వెళ్లిపోవచ్చు. 200కి కాస్త అటూ ఇటూ ఊగేవాళ్లు ముందు ఫ్యాన్లు మార్చి రెండు నెలల బిల్లులు చూడండి. కరెంటు కోతల కోసమే కొనాలనుకుంటే మాత్రం ఆన్‌గ్రిడ్ మీకు పనికిరాదు, హైబ్రిడ్ ధర కనుక్కోండి. ఏది కొనాలన్నా ముందు గత 12 నెలల కరెంటు బిల్లులు తీసి ముందేసుకోండి. దీనికి అంతకంటే మంచి రివ్యూ ఇంకోటి లేదు.