కార్మిల్లా కథ: సఖీప్రణయము, ప్రతీకారము, రసాభాసవిచారము

ఐర్లండు దేశీయుడైన షెరిడన్ లెఫాను (1814–1873) రచించిన ‘కార్మిల్లా’ యను పెద్దకథ 1871–72లో ‘ది డార్క్ బ్లూ’ అను పత్రికయందు ఖండశః వెలువడి, 1872లో ‘ఇన్ ఎ గ్లాస్ డార్క్‌లీ’ యను సంపుటమున చేరినది. రక్తపిశాచకథ లనగానే లోకమునకు స్ఫురించు ‘డ్రాక్యులా’ 1897 నాటిది. దానికంటె పాతికేండ్లు పూర్వపుది యీ కథ. ఇరువురు యువతుల మైత్రియు, అనురాగమును, హింసయు పెనవేసికొనిన యీ ఇతివృత్తమునకు నేటి యువజనసాహిత్యమున సంతతి విస్తారముగా నున్నది. మన విద్యార్థులును ఇట్టి కథలను చదువుచునే యున్నారు. “ఇది రసాభాసము” అని యొక్కమాటతో త్రోసిపుచ్చుట ఉపాధ్యాయులకు సులభము. ఆ మాట ఇచ్చట శాస్త్రసమ్మతమగునా, అగునేని ఏ అంశమున నగును, అనునది విచార్యము.

ముందుగా ఒక పదభ్రాంతిని తొలగింపవలెను. 1870లో రిచర్డ్ బర్టన్ మన బేతాళకథలను కొన్నింటిని ఆంగ్లమున వెలయించుచు వేతాళునకు ‘వాంపైర్’ అని పేరుపెట్టెను. నాటినుండి ఇరువురును ఒక్కరే యను తలంపు వ్యాపించినది. ఇది తగదు. సోమదేవుని కథాసరిత్సాగరమున వేతాళుడు శింశపావృక్షమున వ్రేలాడు పరశవము నావేశించి యుండును. త్రివిక్రమసేనునకు చిక్కుప్రశ్నలు వేయును. కడకు భిక్షువగు క్షాంతిశీలుని కపటమును తెలిపి రాజును రక్షించును. ఐరోపీయ రక్తపిశాచ మట్టిది కాదు. తన కళేబరముననే తానుండి, సమాధిలో చెడక, రాత్రులందు వెలువడి జీవించియున్నవారి రక్తమును త్రాగును. వేతాళునిది పరకాయప్రవేశము, దీనిది స్వకాయబంధనము. 1725లోను, 1731–32లోను సెర్బియా ప్రాంతమున ఇట్టి శవములను త్రవ్వి చూచిన వృత్తాంతములను ఆస్ట్రియా అధికారులు పత్రారూఢము చేసిరి. 1755లో మరియా థెరీసా రాణి ఈ త్రవ్వకములను నిషేధింపవలసి వచ్చెను. లెఫాను తన కథను ఆస్ట్రియాలోని స్టిరియా సీమలో నిలుపుట కిదియే నేపథ్యము.

కథ సంగ్రహముగా నిట్లున్నది. ఆంగ్లేయుడైన తండ్రితో ఏకాంతదుర్గమున వసించు లారా పందొమ్మిదేండ్ల కన్య. తల్లి లేదు, వెంట వసించు ఈడు చెలులు లేరు. ఆమెకు తోడుగా రానున్న బెర్తా యను బాలిక మరణించినదని ఆ బాలిక సంరక్షకుడగు జనరల్ స్పీల్స్‌డోర్ఫ్ నుండి లేఖ వచ్చినది. ఆ సాయంకాలమే దుర్గము చెంత నొక బండి తలక్రిందులు కాగా, అందలి యువతిని ఆమె తల్లి మూడు నెలలు ఉంచుకొనుడని అప్పగించి వెడలిపోవును. ఆ యువతియే కార్మిల్లా. ఆరేండ్ల ప్రాయమున తన శయ్య చెంత కనబడి భయపెట్టిన ముఖమే యిదియని లారా గుర్తించును. తానును చిన్ననాడు నిన్నే కలలో గాంచితినని కార్మిల్లా పలుకును. స్నేహమున కింతకంటె పటిష్ఠమైన కట్టు మరియొకటి యుండదు! క్రమముగా లారా క్షీణించుచుండును. కార్మిల్లా చేతులు పట్టి, చెక్కిళ్లు నిమిరి, ప్రియురాలి భాషలో మాటలాడుచుండును. గ్రాజు నగరమున బాగుచేయించి తెచ్చిన 1698 నాటి చిత్రపటమున కార్మిల్లా రూపమే కనబడును. దానిపై మిర్కాల్లా, కార్న్‌స్టైన్ ప్రభ్వి, అని యున్నది. బెర్తాను బలిగొన్న యువతి పేరు మిల్లార్కా. మూడు పేరులయందును ఎనిమిది ఆంగ్లాక్షరములే, ఒక్కటియు తగ్గక హెచ్చక తారుమారైనవి. ఈ నియమమును ఆమె దాటజాలదట. చిత్రకవిత్వమున మనవారు వినోదమునకై చేసిన అక్షరవ్యత్యయము ఇచ్చట ఒక ప్రేతమునకు సంకెల యైనది.

ఇక రసవిషయము. మన నాటకములలో సఖి నాయికకు లేఖ వ్రాయించును, పూలు కోయును, నాయకుని చెంతకు చేర్చును. అనసూయాప్రియంవదల స్నేహ మెంత మధురమైనను అది శృంగారమునకు అంగమే. లెఫాను కథలో నాయకుడే లేడు. సఖియే ప్రణయిని. కాన ఆలంబనవిభావ మేదియను ప్రశ్నకు తావులేదు. లారాకు కార్మిల్లా, కార్మిల్లాకు లారా. సాహిత్యదర్పణమున విశ్వనాథుడు ఉపనాయకగతము, గురుపత్నీగతము, బహునాయకవిషయము, ఉభయనిష్ఠము కానిది మొదలుగా రసాభాసస్థానములను లెక్కించెను. ఆ లెక్కలో స్త్రీలిరువురి రతి పేరెత్తి చెప్పబడలేదు. అనౌచిత్యమను సామాన్యలక్షణము క్రింద దానిని చేర్తుమని కొందరనవచ్చును. అట్లనువారు అనౌచిత్యము దేనియం దున్నదో కథనుండి చూపవలెను.

నా మతమున అది వారిరువురు స్త్రీలగుటయందు లేదు. రావణుని సీతావిషయకరతిని అభినవగుప్తుడు ఆభాసమనుటకు హేతువు అది ఏకపక్షమగుట. కార్మిల్లా విషయము మరింత సూక్ష్మము. ఆమె ప్రేమ కపటము కాదు. కథ పొడవునను ఆమె కన్నీరు, అలుక, లజ్జ నిజములుగనే కనబడును. లారాయును ఆమెను ప్రేమించును, అదే క్షణమున ఏవగించుకొనును. రతి ఉభయనిష్ఠమే. కాని ప్రేమపాత్రమే ఆహారమైనది. వలచినదానిని తినక బ్రదుకజాలని స్థితి, అదియే అనౌచిత్యము. నాయికానాయకులైనను ఈ దోషము దోషమే యగును. శృంగారమునకు భయానకబీభత్సములు విరోధులని శాస్త్రము. ఆనందవర్ధనుడు విరోధపరిహారమునకు ఆశ్రయభేదము, మధ్యమున రసాంతరము మున్నగు మార్గములు చెప్పెను. లెఫాను వానిలో నొక్కటియు అవలంబింపలేదు. ఒక్క హృదయమున రెంటిని కలహింపనిచ్చి, ఆ కలహమునే కథ చేసెను. ఆభాసమైనంత మాత్రమున రసత్వమే పోవునా యను చర్చలో, తెలుగువాడైన జగన్నాథపండితరాయలు చూపిన అశ్వాభాసదృష్టాంతము ఇచ్చట అక్కరకు వచ్చును. దోషముగల గుఱ్ఱమును అశ్వాభాస మందురు గాని అది గుఱ్ఱము కాకపోదు.

ప్రతీకారభాగము వేరు. బెర్తా మరణమునకు పగతీర్చుకొన జనరల్ కార్న్‌స్టైన్ దేవాలయశిథిలములకు వచ్చును. వోర్డెన్‌బర్గ్ ప్రభువు మరుగుపడిన సమాధిని కనుగొనును. అతని పూర్వుడొకడు మిర్కాల్లాను ప్రేమించి ఆ సమాధిని దాచినవాడే యని అంతట తెలియును. గుండెలో మేకు దిగగొట్టి, శిరస్సు ఖండించి, దహించి, బూడిదను నదిలో కలిపిరి. ఈ ఘట్టము లారా కన్నులార చూచినది కాదు. ప్రభుత్వవిచారణసంఘపు నివేదికనుండి తాను సంగ్రహించితినని చెప్పును. ఆమె రక్షణమునకై ఆమెచెలిని వధించిన పురుషులు, అధికారులు ఆమె నొక్కమాట అడుగలేదు. అందువలన రౌద్రము జనరల్ యందే నిలిచిపోయినది, లారాకు అంటలేదు. ఏండ్లు గడచిన పిమ్మట సయితము, వాకిటి చెంత కార్మిల్లా తేలికయడుగు వినబడినట్లు ఆమె ఉలికిపడుచుండును. పీడ విరగడైనదను సంతోషమునకు బదులు విప్రలంభచ్ఛాయ గల స్మృతియే కథకు తుది.

కెనడాలో 2014 నుండి 2016 వరకు ఈ కథను దృశ్యరూపమున మరల చెప్పిరి. అందు లారా, కార్మిల్లా విశ్వవిద్యాలయ వసతిగృహమున ఒకే గదిలోని విద్యార్థినులు. ఇరువురును బాహాటముగ ప్రేయసు లగుదురు. పాతకథలోని దండనము కొత్తకథలో లేదు. భక్షణము ప్రేమనుండి వేరుపడుటచే ఆభాసహేతువు తొలగినది. భయానకము మాత్రము చాలవరకు హాస్యమునకు చోటిచ్చినది. లెఫానును ముందుగా చదివినవారికి ఇది కొంత వెలితిగా తోచును, నాకును తోచినది.