ఇంటి వేడిమిని, కరెంటు వ్యయమును తగ్గింపబూనుటకు ముందు చేయవలసిన పరీక్ష

కోతలు ముగిసి చేతికి నాలుగు రూకలు వచ్చిన పిమ్మట ఇంటిని బాగుచేయించవలెనను సంకల్పము మన రైతు సోదరులలో పలువురకు కలుగును. ఇటీవల ఆ సంకల్పము వేసవి వేడిమిని తగ్గించుకొనుటవైపు మరలుచున్నది. ఒకరు పైకప్పునకు తెల్లరంగు పూయింతురు, ఒకరు గదికి లోకప్పు కట్టింతురు, మరియొకరు ఏ.సి. కొందురు, ఇంకొకరు సౌరఫలకములకై అప్పునకు దరఖాస్తు పెట్టుదురు. ఇవి యన్నియు మంచివే. కాని ఏ యింటికి ఏది ముందు కావలెనో తెలిసికొనకయే సొమ్ము వెచ్చించుట నేలను పరీక్షింపక ఎరువు చల్లుట వంటిది. ఈ పరీక్షకు వలయు సాధనములు కొలదియే: ఒక నోటుపుస్తకము, గోడకు తగిలించు ఉష్ణమాపకములు రెండు, వారము దినముల యోపిక.

మొదట గడచిన 12 మాసముల కరెంటు బిల్లులను వరుసగా పెట్టి, రూపాయలను విడిచి యూనిట్లను మాత్రము వ్రాసికొనవలెను. మార్గశిర పుష్య మాసములలో పంకాలు ఆగియుండునప్పటి వాడుక ఆ యింటికి పునాది వంటిది. వైశాఖములో దానికంటె ఎంత హెచ్చినదో అది వేడిమికై మనము చెల్లించు పన్ను. పునాదియే హెచ్చుగా నున్నచో దోషము కప్పులో లేదు, ఇంటిలోని యంత్రములలో నున్నది. వాడుక పెరిగిన కొలది యూనిట్ ధరయు మెట్టు మెట్టుగా పెరుగునని సభ్యులెరుగుదురు. కావున తగ్గించిన ప్రతి యూనిట్టును పైమెట్టునుండియే తగ్గును. పొలములోని మోటారునకు విద్యుత్తు ఉచితమగుటచేత మీటరును చూచు అలవాటు మనకు కొంత తప్పినది. ఇంటి మీటరు అట్టిది గాదు.

ఆ మీటరుపై ఒక చిన్న ఎర్రదీపము మెరయుచుండును. ఎన్ని మెరుపులకు ఒక యూనిట్ అగునో దానిపైననే వ్రాసియుండును. పెక్కింటిపై 3200 అని యుండును. ఒకనాటి రాత్రి ఇంటిలోని సమస్తమును ఆపి, ప్లగ్గులను తీసి, దీపమును చూడుడు. అప్పటికిని మెరయుచున్నచో తీగలలో నెక్కడనో కరెంటు కారుచున్నదని శంకింపవలెను. అది వ్యయమునకన్న ముందు ప్రాణమునకు సంబంధించిన సంగతి. పనివానిని పిలిచి, తీగలను, ఎర్తింగును సరిచేయించు వరకు మరియే పనియు తలపెట్టరాదు. దీపము ఆగియున్నచో ఒక్కొక్క యంత్రమును విడిగా నడిపి లెక్కింపుడు. 3200 గుర్తుగల మీటరులో 75 వాట్ల పాతపంకా ఒక్కటే తిరుగునప్పుడు నిమిషమునకు 4 మెరుపులు కానవచ్చును. ఆ పంకా దినమునకు 16 గంటలు తిరిగినచో మాసమునకు 36 యూనిట్లు. 30 వాట్లతో తిరుగు క్రొత్తరకపు పంకా అదే పనిని 14 యూనిట్లకు కొంచెము మించి చేయును. నాలుగు పంకాలున్న యింటివారు మిగిలిన లెక్కను తామే వేసికొనగలరు. శీతలపేటిక తలుపు సందున కాగితపు ముక్క నుంచి మూసి లాగుడు. సులువుగా వచ్చివేసినచో అంచు రబ్బరు పాడైనది. పైతొట్టి రాత్రికి రాత్రి తరుగుచున్నచో కారునది నీరు మాత్రమే కాదు, మోటారు కాల్చిన కరెంటు కూడ.

ఇక కప్పు. మన తెలుగునాట సూర్యుడు ఏప్రిల్ కడపటి దినములనుండి మే మాసపు నడుమవరకు ఒక్కొక్క యూరికి నడినెత్తిన వచ్చును. అందుచే ఎండ యధికముగా పడునది గోడలమీద గాదు, కప్పుమీద. నాలుగైదంగుళముల కాంక్రీటు శ్లాబు పగలెల్ల ఆ వేడిని త్రాగి, ప్రొద్దు వాలిన పిదప లోపలికి విడుచును. బయట గాలి చల్లబడినను గదిలో ఉక్కపోయుటకు కారణమిదియే. రాయలసీమలో దూలములపై దంతెలు పరచి చవుడు మన్ను పోసిన మిద్దెలు పగటి వేడిని అంత త్వరగా లోనికి రానీయవు. వానిని పడగొట్టి శ్లాబు వేసికొన్న వారు ఈ వ్యత్యాసమును చెప్పకయే యెరుగుదురు.

ఉష్ణమాపకములలో నొకటి పడకగదిలో మనిషి యెత్తున, రెండవది వసారాలో నీడను తగిలించి, ఉదయము 6, మధ్యాహ్నము 2, సాయంకాలము 6, రాత్రి 9 గంటలకు వారము దినములు వ్రాసికొనుడు. రాత్రి 9 గంటలకు గదిలోని వేడి వసారాకంటె బాగుగా మించినచో నిచ్చెనయెక్కి లోకప్పును అరచేత తాకి చూడుడు. పిమ్మట పడమటి గోడను తాకుడు. ఏది కాలుచున్నదో దానికే ముందు చికిత్స. కప్పు చల్లగానుండి గోడ కాలుచున్నచో తెల్లరంగు వలన ఫలము స్వల్పము. పడమట పందిరియో, తడికయో, చెట్టునీడయో కావలెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది మొదలు తెల్లపూతల ప్రచారము హెచ్చినది. ఆ పూత యెండను త్రిప్పికొట్టుట నిజమే. అయినను దుమ్ముపట్టినచో దాని గుణము తగ్గును. ఏటేట కడుగవలసిన పని యున్నదని అమ్మువారు చెప్పుట యరుదు.

కప్పు కారుచున్నదా యను పరీక్షను కొందరు ఉపేక్షింతురు. ఈ వ్యాసకర్తయు నుపేక్షించినవాడే. మా యింట వేడికి వెరచి శ్లాబు క్రింద లోకప్పు కట్టించితిని. పైన సన్నని పగులున్నదని చూడలేదు. తొలకరికే నీరు దిగి, లోకప్పు ఉబ్బి, ఒకనాటి రాత్రి గదిలో కూలినది. మంచముపై నెవ్వరును లేకుండుట మా యదృష్టము. కావున వాన వెలిసిన రెండవనాడు డాబాపై నీరు నిలుచు చోట్లను సుద్దతో గుర్తించి, లోపల చెమ్మమరకలున్నచో ముందుగా పగుళ్లను పూడ్పించి, నీటివాలును సరిచేయింపవలెను. తడి కప్పుపై పూసిన పూత పెచ్చులూడిపోవును.

సిమెంటు రేకుల యిండ్లవారికొక హెచ్చరిక. పాతరేకులలో ఆస్బెస్టాస్ నార కలిసియుండును. పూతకు ముందు వానిని ఇనుప కుంచెతో గీకుట, బెజ్జములు పొడుచుట, విరుగగొట్టుట కూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. రేకులు శిథిలమైనవో కావో క్రిందనుండి చూచి నిర్ణయింపవలెను. కాలు మోపినచో విరుగును కూడ.

అగరువత్తి వెలిగించి కిటికీల, తలుపుల సందులకడ పట్టినచో గాలి యెటనుండి వచ్చుచున్నదో పొగయే చెప్పును. ఏ.సి. గదికి ఆ సందులను మూయుట మేలు. కట్టెలపొయ్యి యున్న వంటింటను, గ్యాసుతో నీరు కాచు స్నానపుగదిలోను గాలిదారులను ఎన్నడును మూయరాదు. అట్టిచోట వాసనలేని విషవాయువు చేరి మనుష్యులు చనిపోవుదురు.

ఏ.సి. కొనవలెనన్నచో కప్పుపని ముగిసిన పిమ్మటనే గది కొలతలను తీసికొనవలెను; వేడి తగ్గిన గదికి చిన్న యంత్రమే చాలవచ్చును. చుక్కల చీటీపై ఏటికగు యూనిట్లను, చీటీ యే సంవత్సరములకు చెల్లునో దానిని గూడ చదువుడు. కట్టుబాట్లు మారుచుండును గనుక పాతచీటీలోని అయిదు చుక్కలు క్రొత్తచీటీలోని అయిదింటితో సమానములు గావు.

సౌరఫలకములకు కేంద్రప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పథకమున 1 కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు మొదలు ఆపైన 78,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. ఇంత సహాయమున్నదని తొందరపడరాదు. ఫలకములు పాతికేండ్లు నిలుచునవి. వాని క్రిందనున్న కప్పు అంతకాలము నిలుచునా? ఉదయము 9 మొదలు సాయంకాలము 4 వరకు గంట గంటకు వేపచెట్టు నీడ యెంతవరకు వచ్చుచున్నదో డాబాపై గీతలు గీసి చూడుడు. ముందు వాడుకను తగ్గించిన వానికి మూడు కిలోవాట్లకు బదులు రెండే చాలవచ్చును. అప్పును అంతమేరకు తగ్గును.

పని ముగిసిన పిమ్మట అవే ఉష్ణమాపకములను అవే మేకులకు తగిలించి, అవే గంటలకు మరల వారము దినములు వ్రాసికొనుడు. ఎండలు సమానముగానున్న దినములనే పోల్చవలెను. వసారాలోని అంకెలు అందులకే.