రైల్వే ఊళ్ళో నలభై దాటినవాళ్ళకు: మీకు తెలుసా?

గుండె జబ్బుల మీద మన దేశంలో మొదట్లో జరిగిన పెద్ద పరిశీలనల్లో ఒకటి రైల్వే ఉద్యోగుల మీదే జరిగిందని మీకు తెలుసా? పశ్చిమ రైల్వే వైద్య విభాగానికి చెందిన డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా దేశమంతటా పదకొండు లక్షలకు పైగా ఉద్యోగుల లెక్కలు తీసి 1967లో ప్రచురించారు. అందరూ 18 నుంచి 55 ఏళ్ళ లోపువాళ్ళే. దక్షిణాది ఉద్యోగుల్లో గుండె జబ్బు పంజాబు వైపు వాళ్ళకంటే ఏడు రెట్లు ఎక్కువని తేలింది. నెయ్యీ వెన్నా ఎక్కువ తినేదేమో పంజాబు వాళ్ళు! మనవాళ్ళ తిండిలో నమిలి తినే పీచు తక్కువ కావడం ఒక కారణమని ఆయన అభిప్రాయం. ఒక్క కారణంతో తేలే విషయం కాదని ఇప్పుడు తెలుసు. అయినా బిలాస్‌పూర్‌లో ఉంటున్న తెలుగువాళ్ళం ఆ లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు.

అంతకు ఐదేళ్ళ ముందు, 1962లో, అమెరికా రైల్వేల మీద హెన్రీ టేలర్ బృందం ఇలాంటి పరిశీలనే ప్రచురించింది. గుండె జబ్బు మరణాలు గుమాస్తాల్లో అన్నిటికంటే ఎక్కువ, పట్టాల మీద పనిచేసేవాళ్ళలో అన్నిటికంటే తక్కువ. మన సంగతికొస్తే, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి బిలాస్‌పూర్ లైను మీద పనికి వచ్చినవాళ్ళలో గ్యాంగ్‌మన్లు, కీమ్యాన్లు ఉన్నారు. కీమ్యాన్ అంటే భుజాన సుత్తి, చేతిలో స్పానర్, ఎర్రజెండా. ఒక పట్టా చూసుకుంటూ బీటు చివరిదాకా వెళ్ళి, రెండో పట్టా చూసుకుంటూ తిరిగి రావాలి. ఎండైనా వానైనా రోజూ ఇదే నడక. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ఇక్కడ మొదలయ్యాక ఆఫీసులు పెరిగాయి. ఆ కీమ్యాన్ల పిల్లలూ మనవలూ ఇప్పుడు కంప్యూటర్ ముందు కుర్చీల్లో ఉన్నారు. ఉద్యోగం మెరుగైంది, సంతోషమే. నడక మాత్రం పోయింది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి తెల్లవారుజామునే నడవండి.

ఆ నడకలో కొంత భోజనం కాగానే చేస్తే ఇంకా మంచిదని మీకు తెలుసా? షుగర్ ఉన్న 41 మందితో న్యూజిలాండ్‌లో చేసిన పరిశీలన 2016లో వెలువడింది. రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడిచినప్పటికంటే, ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినప్పుడు తిన్నాక పెరిగే షుగర్ 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం. అన్నం తినగానే టీవీ ముందు కూర్చోకుండా కాలనీ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగితే చాలు.

మన చద్దన్నానికి ఛత్తీస్‌గఢ్‌లో ఒక రోజు కేటాయించారు! ఇక్కడ దాన్ని బోరే బాసీ అంటారు. 2022 మే 1న, కార్మిక దినం నాడు, దాన్ని తినమని రాష్ట్ర ప్రభుత్వం అందరికీ పిలుపు ఇచ్చింది. రాత్రి నీళ్ళలో నానిన అన్నం, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిర్చి. వేసవిలో కడుపుకు చల్లగా ఉంటుంది. అయితే అదీ అన్నమే. షుగర్ ఉన్నవాళ్ళు లెక్కలోకి తీసుకోవాలి. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు చూసి వేసుకోవాలి. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే చెంచాడు, దాటకూడదు. ఆవకాయలోని ఉప్పూ అందులోదే.

మల్హోత్రా చెప్పిన పీచు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. బుధ్వారీ బజారుకు సంచి పట్టుకుని వెళ్ళండి. లాల్ భాజీ మన ఎర్ర తోటకూర, ముంగా భాజీ మన మునగాకు. ఛత్తీస్‌గఢ్ వాళ్ళు ఆకుకూరలు తినే తీరు చూసి మనం నేర్చుకోవాలి. మనం పప్పులో గుప్పెడు వేసి మెత్తగా ఉడికించేస్తాం. వాళ్ళు ఆకునే కూరగా వండి పళ్ళెం నిండా వడ్డిస్తారు.

నైట్ డ్యూటీ దిగినవాళ్ళకు ఒక్క మాట. తాగిన టీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. స్టేషన్ బయట టీ తాగి ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టకపోవడానికి అదో కారణం.

ముప్ఫై దాటాక కండ పదేళ్ళకు 3 నుంచి 8 శాతం చొప్పున తగ్గుతుంది. మెట్లు ఎక్కండి. వారానికి రెండు రోజులైనా బరువు ఎత్తే పని, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చునే వ్యాయామం చేయండి.

చివరిది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది. లోకో పైలట్ల లాంటి సిబ్బందికి రైల్వే పీఎంఈ, అంటే నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష, చేయిస్తుంది. 45 ఏళ్ళ దాకా నాలుగేళ్ళకోసారి, 55 దాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటేటా. వయసు పెరిగేకొద్దీ పరీక్షలూ దగ్గర పడాలన్న ఈ నియమం ఎంత మంచిదో! కానీ తెల్లవారకముందే లేచి భర్తకు టిఫిన్ బాక్సు సర్ది పంపే ఇల్లాలికి పీఎంఈ పిలుపు రాదు. ఆమె బీపీ, షుగర్ ఎంతో ఇంట్లో చాలామందికి తెలియదు. ముప్ఫై దాటిన అందరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ రెండు పరీక్షలూ చేస్తారు. ఈ వారంలోనే ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళి చూపించండి.