డిస్కు పద్దులు రాసే గుమాస్తా

2004 ప్రాంతంలో లినక్స్ ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు ఒక బెడద ఉండేది. పనేమీ చేయకుండా కూర్చున్నా, ఆగి ఉన్న హార్డ్ డిస్కు ఉన్నట్టుండి తిరగడం మొదలుపెట్టేది. బ్యాటరీ తరిగిపోయేది. డిస్కును లేపిందెవరో తెలిసేది కాదు.

కెర్నెల్‌కు మాత్రం తెలుసు. మామూలు ప్రోగ్రామేదీ డిస్కును నేరుగా తాకలేదు. చదవాలన్నా రాయాలన్నా కెర్నెల్ గడప తొక్కాల్సిందే. అందుకని ఆ గడప దగ్గరే పద్దు రాయించారు. బ్లాక్‌డంప్ అనే మీట వేస్తే, ఏ ప్రోగ్రాం ఏ డిస్కులో ఎన్నో బ్లాకు చదివిందో, ఎన్నో బ్లాకు రాసిందో ఒక్కొక్క వరుసగా కెర్నెల్ లాగ్‌లో పడేది.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ లాగ్‌ను సిస్‌లాగ్ అనే ప్రోగ్రాం తీసుకెళ్లి ఫైల్లో రాస్తుంది. ఫైలు ఉండేదీ డిస్కు మీదే. ఆ రాతకూ ఒక పద్దు పడుతుంది, ఆ పద్దును రాయడానికి మళ్లీ డిస్కు తిరుగుతుంది. దీనికి అంతుండదు. అందుకే ఈ మీట వాడేటప్పుడు కెర్నెల్ లాగ్‌ను తీసుకెళ్లే ప్రోగ్రాంను ఆపేయమని కెర్నెల్ పత్రాలే హెచ్చరించాయి. చూడబోయినదాన్నే చెడగొట్టే సాక్షి ఎవరికి కావాలి?

డెన్మార్క్‌కు చెందిన జెన్స్ ఆక్స్‌బో లినక్స్‌లో డిస్కుల వ్యవహారమంతా చూసే బ్లాక్ లేయర్‌కు నిర్వాహకుడు. ఆయన 2005లో మొదలుపెట్టిన బ్లాక్‌ట్రేస్, 2006 జూన్‌లో వచ్చిన 2.6.17 కెర్నెల్‌లో చేరింది. ఇందులో పద్దు వాక్యంగా పడదు, చిన్న బైనరీ రికార్డుగా పడుతుంది. ఒకరి కోసం ఒకరు ఆగకుండా ప్రతి ప్రాసెసర్‌కూ దాని సొంత బఫర్ ఉంటుంది. బఫర్ నిండితే డిస్కు పనిని ఆపరు. ఆ పద్దును వదిలేసి, ఎన్ని వదిలేశారో లెక్క మాత్రం ఉంచుతారు. ఈ నిజాయితీయే దీని మీద నమ్మకం నిలబెట్టింది. పాత చిక్కుకూ దారి ఉంది: రికార్డులను ఈ డిస్కు మీద రాయకుండా, నెట్‌వర్క్ మీదుగా వేరే కంప్యూటర్‌కు పంపవచ్చు.

దాని పద్దు ఒకటి చదివి చూద్దాం. బ్లాక్‌ట్రేస్ రికార్డులను మనిషి చదివేలా మార్చే బ్లాక్‌పార్స్ సాయంతో, '223490 + 8' అని, ముందు డబ్ల్యూ అక్షరం, చివర కేజర్నల్‌డీ అనే పేరు కనిపిస్తాయనుకోండి. కేజర్నల్‌డీ పంపిన, 223490వ సెక్టార్ నుంచి 8 సెక్టార్ల రాత అని అర్థం. సెక్టారుకు 512 బైట్లు, మొత్తం 4,096. పక్కనే నానోసెకన్లలో సమయం.

అసలు విలువ ఆ సమయంలోనే ఉంది. చదవమనో రాయమనో వచ్చే ఒకే కోరిక ప్రయాణంలో చాలా మజిలీలు, మజిలీకో అక్షరం. క్యూ అంటే కోరిక వచ్చింది. ఎం అంటే పక్క సెక్టార్ల కోరికతో కలిసిపోయింది. డి అంటే డ్రైవర్ చేతికి వెళ్లింది. సి అంటే పూర్తయింది. క్యూ నుంచి డి దాకా ఆలస్యమైతే కోరిక కెర్నెల్ వరుసలోనే నిలబడిందన్నమాట. డి నుంచి సి దాకా ఆలస్యమైతే డిస్కు వైపు చూడాలి. అక్కడా తొందరపడి నింద వేయకూడదు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టుకే 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సెక్టారు, డిస్కును చదివే తల కిందికి వచ్చేదాకా ఎవరైనా ఆగాల్సిందే.

ఈ గుమాస్తాకూ తెలియని సంగతి ఒకటుంది. ప్రోగ్రాం రాసిన డేటా ముందు మెమరీలో ఆగుతుంది, కాసేపయ్యాక కెర్నెల్ దారమొకటి (థ్రెడ్) దాన్ని డిస్కుకు చేరుస్తుంది. పద్దులో ఆ దారం పేరే పడుతుంది. డబ్బు కట్టినవాడి పేరు బదులు తెచ్చి ఇచ్చినవాడి పేరు రాసినట్టు. కొత్తగా చూసేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

కెర్నెల్ లోపలినుంచి చూసే కన్ను ఎంత సూక్ష్మమో 2008 చివర్లో బ్రెండన్ గ్రెగ్ చూపించాడు. సన్ సంస్థలో పనిచేస్తూ, సొలారిస్ కెర్నెల్‌లోని డీట్రేస్ ఆధారంగా డిస్కుల ఆలస్యాన్ని తెరమీద గీయించి, డిస్కుల ముందు గట్టిగా అరిచాడు. ఆ కంపనానికి ఆలస్యం పైకి లేచింది, తెరమీద మచ్చలుగా కనిపించింది. దాన్ని తీసిన వీడియో చాలామంది ఇంజినీర్లకు పాఠమైంది.

తర్వాత లినక్స్‌లో ఈబీపీఎఫ్ వచ్చింది. పద్దులన్నీ బయటికి తేకుండా కెర్నెల్ లోపలే కూడికలు వేసి, సారాంశం మాత్రమే ఇవ్వగలదు. బ్లాక్‌డంప్‌ను 2021లో కెర్నెల్ నుంచి తీసేశారు. బ్లాక్‌ట్రేస్ ఇంకా ఉంది.

మీ దగ్గర లినక్స్ కంప్యూటర్ ఉంటే రూట్‌గా, బ్లాక్‌ట్రేస్‌తో వచ్చే బీట్రేస్ ఆదేశానికి మీ డిస్కు పేరిచ్చి, ఏ ప్రోగ్రామూ తెరవకుండా ఐదు నిమిషాలు చూడండి. ఫలితాన్ని అదే డిస్కులోని ఫైల్లోకి మాత్రం పంపకండి.