పంటికి పట్టు

మా అక్క కూతురు నవ్వేటప్పుడు కుడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. చూసినవాళ్లు సిగ్గనుకుంటారు, పెంపకం మంచిదని మెచ్చుకుంటారు కూడాను. అసలు సంగతి అది కాదు. పిల్ల పుట్టి పెరిగింది కనిగిరిలో. అక్కడి బోరునీళ్లు తాగి పెరిగిన చాలామందికి మల్లేనే దాని పళ్లమీద సుద్దరంగు మచ్చలూ, వాటి నడుమ గోధుమరంగు చారలూ వున్నాయి. పైవరస ముందుపళ్లు రెండింటికీ అంచులు పెచ్చులూడిపోయినాయి.

తిరుపతిలో బి.యిడి. చదవడానికి చంద్రగిరిలో మాయింటికి వచ్చి రెండేళ్లు దాటింది. వచ్చిన తొలి యేడాదిలోనే ఆ పళ్లకు పెట్టించిన పూత రెండుసార్లు వూడింది. మొదటిది నెల తిరక్కముందే అటుకులు తింటూండగా చేతిలోకి వచ్చేసింది. రెండోది పదిరోజులైనా నిలవలేదు. అదీ కాలేజీలో పదిమంది మధ్య మాట్లాడుతూండగా!

ఆ సాయంత్రం యింటికి వచ్చి, "చిన్నమ్మా, ఇంక నేను పళ్లడాక్టరు గడప తొక్కను" అని గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆ మరుసటి నెలలోనే బళ్లో పాఠాలు చెప్పే శిక్షణ. నలభైమంది పిల్లల యెదుట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాఠం యెట్లా చెప్పేది?

ఇంట్లో తలా ఒక సలహా. రెండు పళ్లూ చుట్టూ అరగదీసి తొడుగులు వేయించమన్నారు మావారు. "పీకించి కట్టుడుపళ్లు పెట్టిస్తే పీడా పోతుంది" అన్నది మా అవ్వ. ఇరవైరెండేళ్ల పిల్లకు కట్టుడుపళ్లా? ఒకసారి అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు గదా! చివరకు దాన్ని బతిమాలి, తిరుపతిలో మరొక డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయినాను.

ఆమె ముందుగా నోరు తెరవమనలేదు. "ఏ వూరి నీళ్లు తాగి పెరిగినావమ్మా?" అని అడిగింది. కనిగిరి అనగానే తల వూపింది. ఆ తర్వాత ఆమె విడమరిచి చెప్పినదీ, నేను చదివి తెలుసుకున్నదీ కలిపి యిక్కడ చెబుతున్నాను. ఇటువంటి పళ్లున్న పిల్లలు మన జిల్లాల్లో వేలమంది వున్నారు.

పంటిమీది తెల్లని పింగాణీ పొర మన వొంట్లో అన్నిటికంటె గట్టిది. తూకంలో నూటికి 96 పాళ్లు ఖనిజమే. పన్ను చిగురులోపల తయారయ్యేటప్పుడు ఆ పొర మొదట మెత్తని మాంసకృత్తుల అచ్చుగా వుంటుంది. క్రమంగా ఆ మాంసకృత్తులు తొలగిపోయి, వాటి చోట ఖనిజం నిండుతుంది. ఆ వయసులో తాగే నీళ్లలో ఫ్లోరైడు మితిమీరితే యీ పని సరిగా సాగదు. మాంసకృత్తులు లోపల మిగిలిపోతాయి, పొర గుల్లబారుతుంది. విచిత్రమేమంటే, అంత గుల్లకూ పైన ఒక పలచని పెంకు మాత్రం మామూలు పంటికంటె మొండిగా తయారవుతుంది.

అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే పళ్లవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అనే వూళ్లో యిటువంటి మచ్చలు చూసి, కారణం వెతకడం మొదలుపెట్టాడు. అది నీళ్లలోని ఫ్లోరైడేనని 1931లో గాని తేలలేదు. మన దేశంలో యీ వ్యాధిని గురించి తొలి నివేదిక 1937లో వచ్చింది. అది యెక్కడో కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలను గురించే. మా అక్క కాపురానికి వెళ్లిన వూరు వైద్యగ్రంథాలకెక్కిందని అంతవరకూ మాకు తెలియదు!

ఇక పూత సంగతి. పూర్వం పంటిలో నింపే వెండి మిశ్రమం పంటికి అంటుకునేది కాదు. లోపల వెడల్పుగా గుంట తవ్వి, అందులో బిగిస్తే నిలిచేది. 1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే ఆయన రాచెస్టర్‌లో ఒక కొత్త దారి కనిపెట్టాడు. లోహపు రేకుకు రంగు పట్టడానికి ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం పూయడం కర్మాగారాల్లో వాడుక. అదే పని పంటిమీద చేసి చూశాడు. ఆమ్లం తగిలిన చోట పింగాణీ పొరలో కంటికి కనపడని సన్నని గుంటలు లెక్కలేనన్ని పడతాయి. వాటిలోకి రెజిన్ అనే బంక దిగి గట్టిపడితే, వేళ్లూనుకున్న చెట్టులాగా పట్టుకుంటుంది. ఈనాటికీ అదే పద్ధతి. నూటికి 37 పాళ్ల ఆమ్లం 15 నుంచి 30 సెకన్లు పూసి కడిగేయడం మామూలు.

"మరి మావాళ్లూ అదే చేశారు గదా!" అన్నాను.

"మంచి పంటికి చేసినట్లే చేశారమ్మా" అన్నదామె.

అప్పుడు నాకు మా యింటి గోడ జ్ఞాపకం వచ్చింది. చంద్రగిరివాళ్లకు సున్నం సంగతి వేరే చెప్పాలా? కర్ర వాడకుండా రాయీ, యిటుకా, సున్నంతో లేపిన రాజమహలు యెదుటే వున్నది. పాత గోడకు కొత్త పూత పూయడానికి వచ్చిన మేస్త్రీ ముందు ఏంచేస్తాడు? నున్నగా వున్న చోట గాట్లు పెడతాడు. బొరుసుగా వున్న చోట గట్టినేల తగిలేదాకా గీకుతాడు. అంతేగాని ఆ నునుపుమీదే పూసిపోతే, ఆరగానే పెచ్చుగా వూడి చేతికి వస్తుంది.

మా పిల్ల పంటికి మొదటిసారి జరిగింది అదే. పైనున్న మొండి పెంకును ఆమ్లం సరిగా కొరకలేదు. రెండోసారి పొరపాటు వేరు. మచ్చలు పోవడానికి పళ్లను మందుతో తెల్లబరచి, మూడోనాడే పూత వేశారు. ఆ మందులోని ప్రాణవాయువు కొంతకాలం పంటిలో నిలిచివుండి, రెజిన్‌ను గట్టిపడనివ్వదట. కనీసం వారం, రెండు వారాలు ఆగాలి.

ఈసారి యెట్లా చేసిందో కూర్చుని చూశాను. పంటిచుట్టూ రబ్బరు గుడ్డ బిగించింది. ఆమ్లం పూసిన పంటికి లాలాజలం సోకితే పట్టు పోతుంది. గోడను తడపాలి గాని, ఈ పొరను పొడిగా వుంచాలి. తర్వాత పైపెంకును సన్నని వజ్రపు ముల్లుతో పలచగా గీకింది. ఆమ్లాన్ని మామూలుకంటె యెక్కువ సేపు, పూర్తిగా ఒక నిమిషం వుంచింది. కడిగిన తర్వాత లోపల మిగిలిన మాంసకృత్తులు కరగడానికి సోడియం హైపోక్లోరైటు ద్రావణం మరొక నిమిషం అద్ది, మళ్లీ కడిగింది. ఈ చివరిది అన్ని పళ్లకూ ఒకే తీరుగా మేలు చెయ్యదనీ, పరిశోధనల్లో ఫలితాలు అటూయిటూగా వున్నాయనీ దాపరికం లేకుండా చెప్పింది. పూత అంచు గుల్లపొరమీద కాక, మంచి పింగాణీమీద ఆగేట్లు చూసింది. ఆపైన బంక, దానిమీద పంటిరంగు పూత, ఒక్కొక్క పొరకూ నీలికాంతి. మొత్తం గంటన్నర పట్టింది.

పాఠకులకు ఒక మాట. ఇవి ఘాటు మందులు, చిగురును కాలుస్తాయి. ఇంట్లో యెవరూ ప్రయత్నించరాదు. డాక్టరుగారి దగ్గరకు వెళ్లినప్పుడు మాత్రం ఏ వూరి నీళ్లు తాగి పెరిగారో, పళ్లను ఎప్పుడు తెల్లబరిపించుకున్నారో అడక్కపోయినా చెప్పండి.

లేచి వస్తూ, "ఇది జన్మంతా వుంటుందా?" అని అడిగాను. "వుండదమ్మా. కొన్నేళ్లకు అంచులు సరిచెయ్యాల్సి రావచ్చు. చెరకు మాత్రం ముందుపళ్లతో కొరకనివ్వకండి" అన్నది. తర్వాత పిల్లవైపు తిరిగి, "మీ యింట్లో చిన్నపిల్లలున్నారా?" అని అడిగింది.

మా గుండె కలుక్కుమంది. మా అక్క కొడుక్కి రెండేళ్ల బిడ్డ వున్నాడు. అదే యిల్లు, అదే బోరు. శాశ్వతదంతాలు చిగురులోపల రూపుకట్టేది పుట్టుక మొదలు యెనిమిదేళ్లదాకా. ముందుపళ్లకైతే తొలి నాలుగేళ్లు ముఖ్యం. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు మించరాదనీ, వేరే దారి లేకుంటే ఒకటిన్నరదాకా చెల్లుననీ మన దేశపు ప్రమాణం. కాచితే పోతుందనుకుంటారు, కాచితే నీళ్లు తగ్గి ఫ్లోరైడు చిక్కనవుతుంది! పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి తేర్చే నల్గొండ పద్ధతిని నాగపూరు నీరీ సంస్థవారు 1970ల్లో రూపొందించారు. సరైన వడపోత యంత్రమూ పనిచేస్తుంది. కాని ముందు నీళ్లు పరీక్ష చేయించాలి.

ఆ రాత్రే అక్కకు ఫోను చేసినాను. "మనమంతా అవే నీళ్లు తాగి బతకలేదా?" అన్నది అక్క. నేను మాట్లాడబోయేలోగా మా పిల్ల ఫోను లాక్కుని, "బతికినామమ్మా. వాణ్ణయినా నవ్వనీ" అన్నది. వారం తిరక్కముందే మా బావగారు సీసాలో నీళ్లు పట్టుకుని పరీక్షకు పోయినారు. లెక్క ఒకటిన్నరను దాటింది. ఇప్పుడు బిడ్డకు తాగడానికీ, వంటకూ వేరే నీళ్లు తెస్తున్నారు.

పూత వేసి యెనిమిది నెలలయింది; చెక్కు చెదరలేదు. మా పిల్ల పాఠాలు చెప్పి వచ్చింది. నవ్వు వచ్చినప్పుడు మాత్రం పాత అలవాటుకొద్దీ చెయ్యి గడ్డందాకా లేస్తుంది. అక్కడే ఒక్క క్షణం ఆగి, మళ్లీ వొళ్లోకి దిగుతుంది.