మీకు తెలుసా? వాడని మ్యూజిక్ ప్లేయర్ బ్యాటరీ కూడా అరిగిపోతుంది

లిథియం అయాన్ బ్యాటరీని నిండా చార్జ్ చేసి, 40 డిగ్రీల వేడిలో ఏడాదిపాటు ముట్టుకోకుండా ఉంచినా దాని సామర్థ్యం దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ధర్మవరం వైపు ఎండాకాలంలో 40 డిగ్రీలు మామూలే. అందుకే “కొన్నాక బీరువాలోంచి తీయనే లేదండీ” అన్న మాట విని పాత హై-రెజల్యూషన్ ప్లేయర్‌కు ఎక్కువ ధర పెట్టకండి. 2012 నాటి ఆస్టెల్ అండ్ కెర్న్ ఏకే100 లాంటి వాటిలో బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, సెల్‌ఫోన్ రిపేరు తెలిసినవాళ్లే విప్పాలి. హిందూపురం, పెనుకొండ నుంచి రైలెక్కి బెంగళూరులో సెకండ్ హ్యాండ్ ప్లేయర్ కొనేవారు ముందు దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి చూడండి. వెనక మూత ఉబ్బి, వేలితో తోస్తే గిర్రున తిరిగిందా? లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి.